సత్యవేణికి పూచీ ఎవరు

అనగనగా ఒక ఊళ్ళో, అంటే మరీ పల్లె కాదు, పట్నమూ కాదు, ఒక సినిమాహాలూ ఒక రైసుమిల్లూ ఉన్న చిన్న ఊళ్ళో, కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల ఒకతి ఉండేది. పేరు సత్యవేణి. వాళ్ళాయన పేర్రాజుకి ఆ మిల్లులో పని దొరికింది. పని దొరికిందిగానీ ఇల్లు దొరకలేదు నాన్నా. ఆయన నెత్తిన ట్రంకుపెట్టె, ఈవిడ చంకలో బిందె, అలా వీధివీధీ తిరిగారు.

మొదటి ఇంటాయన అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ, "ఈ ఊళ్ళో మీకు తెలిసినవాళ్ళు ఎవరయ్యా?" అని అడిగాడు. ఎవరూ లేరన్నారు. "అయితే ఇల్లూ లేదు" అన్నాడు. అప్పుడు రెండో ఇంటికి వెళ్ళారు. అక్కడా అదే మాట, కాకపోతే తలుపు సందులోంచి. ఆ తర్వాత మూడో ఇంటికి వెళ్ళారు. అది మాణిక్యాంబ గారిది. ఆ వీధి మొత్తానికి డాబా ఉన్న ఇల్లు అదొక్కటే, మిగతావన్నీ పెంకుటిళ్ళు.

"మీకు పూచీ ఎవరు?" అని అడిగింది మాణిక్యాంబ. పూచీ అంటే ఏమిటనుకున్నావు? వీళ్ళు మంచివాళ్ళు, వీళ్ళ మంచీచెడ్డా నాదీ అని ఊళ్ళో ఒకరు ముందుకొచ్చి చెప్పాలన్నమాట. నిన్న దిగినవాళ్ళకి ఎవరు చెబుతారు, పాపం.

సత్యవేణి మొహం చూసి ఆవిడ కాస్త మెత్తబడింది. "సరే, వెనక గదిలో దిగండి. శ్రావణమాసం వచ్చేలోగా ఈ వీధిలో ఎవరో ఒకరు మీకు పూచీ ఉంటామంటే ఉండిపోండి. లేకపోతే ఖాళీ చేసెయ్యండి" అంది.

అప్పుడు సత్యవేణి వీధివాళ్ళతో కలవాలని చూసింది. నూతి దగ్గర నవ్వితే వాళ్ళు చేంతాడు వంక చూశారు. మీ ముగ్గు బాగుందండీ అంటే "ఊఁ" అన్నారు. గిన్నెతో మజ్జిగ పట్టుకెళితే "మాకు పాడి ఉందమ్మా" అన్నారు. చెడ్డవాళ్ళు కాదు నాన్నా, అలవాటు లేదు, అంతే.

"పోనీ ఇంకో ఊరు చూసుకుందామా?" అన్నాడు పేర్రాజు.

"ఇంకో ఊళ్ళోనూ ఇదే అడుగుతారు కదండీ" అంది సత్యవేణి.

ఎండలు ముదిరాయి. వడియాలు పెట్టుకునే రోజులొచ్చాయి. పెంకుల మీద వడియాలు పెట్టలేరు కదా, అందుకని వీధిలో అందరూ మాణిక్యాంబ గారి డాబా మీదే పాత చీరలు పరిచి, గుమ్మడి వడియాలు పెట్టారు. ఎవరి మూల వాళ్ళది. ఎండాక చీర మీంచి ఒలిచి, ఆఖరి ఎండ తగలాలని విడివిడిగా ఆరబోశారు. అలా ఆరబోసి, అందరూ పక్క వీధిలో పెళ్ళికి వెళ్ళిపోయారు. మాణిక్యాంబ కూడా వెళ్ళింది. సత్యవేణిని ఎవరూ పిలవలేదు.

మధ్యాహ్నం అయిందో లేదో ఆకాశం నల్లబడింది. సుడిగాలి లేచింది. సత్యవేణి చేట పట్టుకుని డాబా ఎక్కింది, నింపుకుని దిగింది. అప్పుడు గంప పట్టుకెళ్ళింది, నింపుకుని దిగింది. ఆ తర్వాత తాము కప్పుకునే దుప్పటే పట్టుకెళ్ళి మిగిలినవన్నీ అందులోకి ఊడ్చేసి, మెట్లు దిగుతుంటే చినుకు పడింది. ఒక్క వడియమూ తడవలేదు. కానీ అన్నీ కలిసిపోయాయి.

వానలో తడుచుకుంటూ వచ్చారు ఆడవాళ్ళు. వడియాలు పోయాయనే అనుకున్నారు. గదిలో కుప్ప చూసి ఊపిరి పీల్చుకున్నారు. ఆ వెంటనే మొదలైంది గొడవ.

"తెల్లగా ఉన్నవన్నీ నావే" అంది ఎదురింటి దుర్గాంబ.

"చిన్నగా ఉన్నవన్నీ నావి" అంది మూలింటి జులేఖా బీ.

"పెద్దవి మరి నావి" అంది పక్కింటి అచ్చియ్యమ్మ.

తెల్లగానూ చిన్నగానూ ఉన్నది ఒకటి దొరికింది. ఇద్దరు పట్టుకున్నారు. అది విరిగింది.

దుర్గాంబకి కోపమొచ్చి సత్యవేణి వైపు తిరిగింది. "నిన్నెవరు తియ్యమన్నారు తల్లీ? తడిస్తే తడిసేవి, ఎవరివి వాళ్ళకుండేవి."

మాణిక్యాంబ గుమ్మంలో నిలబడి చూస్తోంది. పూచీ సంగతి అటుంచి, తన వల్ల వీధే తగువులాడుకుంటోంది. ఇక ట్రంకుపెట్టె సర్దుకోవడమే అనుకుంది సత్యవేణి.

అనుకుందా, ఊరుకోలేదు. పొయ్యి వెలిగించి మూకుడు పెట్టింది. నూనె కాగాక, కుప్పలో ఆ పక్కవీ ఈ పక్కవీ దోసిళ్ళతో తీసి వేయించింది. వాసన వీధి చివరిదాకా పోయింది. బయట వాన, ఒంటి మీద చీరలు తడిసి అందరికీ చలి. పళ్ళెం మధ్యలో పెట్టింది.

"తినండి పిన్నిగారూ. కళ్ళకి తెలియకపోతే పోయింది, ఎవరి చేతి రుచి వాళ్ళ నోటికి తెలియదా?" అంది.

దుర్గాంబ ఒకటి కొరికి, "చూశారా, ఇంత కమ్మగా ఉందంటే ఇది నాదే" అంది.

"జీలకర్ర తగిలిందా వదినా? జీలకర్ర వేసేది నేను" అంది జులేఖా బీ.

అచ్చియ్యమ్మ ఇంకోటి కొరికి మొహం చిట్లించింది. "ఎవరిదమ్మా ఇది, ఉప్పు కషాయం?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుర్గాంబ కొంచెం రుచి చూసి, మెల్లిగా, "నాదేలే" అంది.

అంతే, ఎవరికీ నవ్వు ఆగలేదు. దుర్గాంబకీ ఆగలేదు. "ఏళ్ళ తరబడి నా ఉప్పు నేనే తింటున్నాను. ఏరొద్దు పిల్లా, గిన్నెతో అందరికీ సమానంగా పంచెయ్యి. నాకిప్పుడు జులేఖావి తినాలనుంది" అంది. సత్యవేణి పంచింది. ఎవరూ గిన్నెలోకి తొంగిచూడలేదు.

అప్పుడు మాణిక్యాంబ లోపలికొచ్చి, "తినడం అయితే చెప్పండి. ఈ పిల్లకి పూచీ ఎవరు?" అంది.

"నేను" అంది జులేఖా బీ.

"నేను కూడా" అంది అచ్చియ్యమ్మ.

"నేనూ, మా ఆయనా, మా గేదే" అంది దుర్గాంబ.

"ఒకరు చాలన్నాను, గేదెల్ని తెమ్మనలేదు" అంది మాణిక్యాంబ. అని, కొంగున ఉన్న ముందు గది తాళంచెవి విప్పి సత్యవేణి చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం పేర్రాజు గొడుగు మూసుకుంటూ వచ్చేసరికి గది నిండా చెప్పులూ, నవ్వులూ. తన ఇంట్లో తనకే కూర్చునే చోటు లేదు. ఎంత సంతోషపడ్డాడో.

మరుసటి ఏడు వీధంతా కలిసి ఒకే పిండి రుబ్బింది. ఉప్పు మాత్రం సత్యవేణి చేత వేయించారు. ఇంకో రెండేళ్ళకి రిక్షావాళ్ళు సైతం ఆ ఇంటిని సత్యవేణమ్మ గారి డాబా అనడం మొదలుపెట్టారు. మాణిక్యాంబ బజారునుంచి రిక్షాలో వస్తూ, "మాణిక్యాంబ ఇంటికి పోనీ" అంటే, వాడు "అదెక్కడండీ?" అన్నాడట. అప్పుడు ఆవిడ, "సత్యవేణమ్మ డాబాకి పోనీ నాయనా, నేను అక్కడే ఉంటాను" అందట.

వాన కురిసె, వాకిలి తడిసె,
వడియాలన్నీ ఒకచోట కలిసె,
కథేమో కంచికి నడిచె,
మనమేమో మన ఇంట్లోనే, కన్నుల నిద్దర ముసిరె.