జీపులో నలుగురు

“బాగా ఆడటం తప్పా మాస్టారూ?” అని హిమజ అడిగింది.

అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పే అలవాటు ఎలీషా మాస్టారికి ఏనాడూ లేదు. ఏలూరు పవర్‌పేటలో ఒక సైకిల్ షాపు మీది గదిలో ఆయన కుర్రకారుకు ఫోన్లో ఆడే ఆట నేర్పుతాడు. ఫోన్లో ఆట ఏమిటి, దానికో గురువేమిటి అని నవ్వేవాళ్ళు నవ్వారు. నవ్వనీ. చదరంగానికి గురువు ఉండొచ్చు, కర్రసాముకు ఉండొచ్చు, దీనికి మాత్రం ఉండకూడదా? జూట్ మిల్లు మూతపడి, కాలు విరిగి, మంచం మీద పడి ఉన్న రోజుల్లో మేనల్లుడి ఫోన్ తీసుకుని పట్టుబట్టి నేర్చుకున్న విద్య అది. ఆకలి మరిచిపోవడానికి మొదలుపెట్టిన ఆట చివరికి ఆయనకు అన్నం పెట్టింది. అలాంటి మనిషి ఏ విద్యనూ చులకన చేయడు, ఏ ప్రశ్ననూ తేలిగ్గా తీసిపారేయడు.

ఆట సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. బోలెడు జట్లు ఒక దీవిలో దిగుతాయి. నలుగురిది ఒక జట్టు. ఇల్లిల్లూ వెతికి తుపాకులు ఏరుకోవాలి, ఎదురుపడిన జట్లను పడగొట్టాలి, అందరికంటే చివరిదాకా నిలబడాలి. ఎక్కడెక్కడి వాళ్ళైనా సరే, ఆ నలుగురి మాటలూ ఒకరి చెవిలో ఒకరికి వినబడుతూ ఉంటాయి. హిమజకు కావలసింది నిజానికి ఆ మాటలే.

గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నారు నలుగురు: హిమజ, షకీరా, ఎస్తేరు, ద్రాక్షాయణి. ఆ ఆట హిమజకు నేర్పింది షకీరానే. చదువయ్యాక తలో దిక్కయ్యారు. షకీరా నంద్యాల, ఎస్తేరు తుని, ద్రాక్షాయణి భీమవరం. హిమజ ఏలూరులో ఒక ల్యాబులో రక్తం తీసే పనిలో చేరింది. నలుగురికీ కలిసి సెలవు దొరికేది ఆదివారం మధ్యాహ్నమే. అప్పుడు దీవిలో కలుసుకునేవాళ్ళు. ఆ దీవి వాళ్ళకు యుద్ధభూమి కాదు, హాస్టల్ వరండా. ఎస్తేరు తన ఆడపడుచు మాట్లాడే తీరు అనుకరించి చూపించేది. ద్రాక్షాయణి తుపాకీ వెతక్కుండా తన బొమ్మకు ఏ చొక్కా బాగుంటుందని అడిగేది. ఈలోపు ఎవరో వచ్చి నలుగురినీ కాల్చేసేవాళ్ళు. పడీపడీ నవ్వుకుని మళ్ళీ దిగేవాళ్ళు.

హిమజ చేతిలో విద్య ఉంది. ఆ సంగతి ఆమెకే ఆలస్యంగా తెలిసింది. మాస్టారి దగ్గర చేరాక ఆ చేతికి పదును వచ్చింది, నోటికి కూడా వచ్చింది. అటెందుకు పోయావే, తల వంచమంటే వంచవేం, నీ వల్లే కదా పోయాం అంటూ దెప్పడం మొదలుపెట్టింది. తెలిసినవాడికి తెలియనివాడంటే చులకన, తెలియనివాడికి తెలిసినవాడంటే కంటగింపు. ఈ రోగం పొలం గట్టు మీదా ఉంది, ఫ్యాక్టరీలోనూ ఉంది, ఆ దీవికి మాత్రం ఎందుకు పాకదు? దానికి తోడు ఆట తయారు చేసినవాళ్ళు ఇంకో కిటుకు పెట్టారు. జట్టులో ఒక్కరి ర్యాంకు పెరిగినా చాలు, ఆ ర్యాంకుకు తగ్గ మొనగాళ్ళను ఎదురు తెస్తుంది ఆట. హిమజ ఉన్న రోజున మిగతా ముగ్గురూ దీవి మీద కాలు పెడుతూనే చచ్చిపోయేవాళ్ళు. తర్వాత చాలాసేపు హిమజ ఒక్కతే పరుగెత్తేది, కాల్చేది, పొదల్లో నక్కేది. ముగ్గురూ చచ్చినవాళ్ళై ఆమె ఆట చూస్తూ కూర్చునేవాళ్ళు. ఒకసారి అలా ఒంటరిగా పోరాడి గెలిచి, గెలిచామే అని ఆమె ఎగిరి గంతేస్తే షకీరా మెల్లగా అంది.

“గెలిచాం అనకే. గెలిచావు.”

ఆ తర్వాత ఒక ఆదివారం షకీరా ఇంటికి చుట్టాలొచ్చారు. ఇంకో ఆదివారం ఎస్తేరుకు నెట్ లేదు. మరో ఆదివారం ద్రాక్షాయణికి తలనొప్పి. కానీ హిమజ ఆట తెరిచి చూస్తే ముగ్గురి పేర్ల పక్కనా పచ్చ చుక్క వెలుగుతూనే ఉండేది. కలిసే ఆడుకుంటున్నారు, తను లేకుండా. ఆ పచ్చ చుక్కల వంక చూస్తూ కూర్చునేది, దీపాలు వెలిగించిన ఇంటి కిటికీని వీధిలోంచి చూసినట్టు.

అప్పుడు ఒక తెలివితక్కువ పని చేసింది. పండు అని కొత్త పేరు పెట్టుకుంది. ఏమీ రాని కొత్త పిల్లలా షకీరాకు స్నేహం కోరుతూ కబురు పంపింది. నాకు ఆట రాదు అక్కా, మైక్ కూడా పాడైంది, మీ వెనకాల తిరుగుతాను అని రాసింది. షకీరా మెత్తని మనిషి, చేర్చుకుంది. ఆ ఆదివారాలు హిమజ వాళ్ళ వెనకే నోరు మెదపకుండా నడిచింది. కావాలని గురి తప్పింది, కావాలని దారి తప్పింది. ఇదిగో పండూ, ఇలా వంగి నడవాలమ్మా అని షకీరా ఓపిగ్గా నేర్పుతుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి. హాస్టల్లో మొదటిసారి చెప్పినప్పుడూ అదే మాట, అదే గొంతు. ఒకరోజు ద్రాక్షాయణి, హిమ ఉంటే ఈపాటికి మనల్ని చెడామడా తిడుతుండేది అంది. ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక ఎస్తేరు, తిట్టినా బాగుండేదే అంది. హిమజకు మాట్లాడే వీలు లేదు.

పోయిన ఆదివారం ఒక గోడ మూల షకీరాను శత్రువులు చుట్టుముట్టారు. హిమజ ఆగుదామనుకుంది. చెయ్యి ఆగలేదు. కన్ను మూసి తెరిచేలోపు అందరినీ పడగొట్టింది. అలా కొట్టే చెయ్యి ఒక్కటే ఉందని వాళ్ళకు తెలుసు.

“హిమా, నువ్వేనా? మా ఆట చూసి నవ్వుకోవడానికొచ్చావా?” అంది షకీరా.

మైక్ తెరిచి జవాబు చెప్పేలోపు మూడు పేర్లూ ఒకదాని వెనుక ఒకటి మాయమయ్యాయి.

ఇదంతా మాస్టారికి చెప్పి, విద్య చూపిస్తే వాళ్ళు దూరమయ్యారు, దాచుకున్నా దూరమయ్యారు, మరి ఈ చెయ్యి నరుక్కోనా అని అడిగింది హిమజ. మాస్టారు మోకాలు నిమురుకుంటూ అంతా విన్నాడు. ఓదార్చలేదు, మందలించనూ లేదు. ఆదివారం నాలుగింటికి రమ్మన్నాడు. ఆదివారం మాస్టారు పాఠం చెప్పడని, ఆ రోజు గది తలుపు వేసే ఉంటుందని శిష్యులందరికీ తెలుసు. నిద్రపోతాడనుకునేవాళ్ళు.

హిమజ వెళ్ళేసరికి ఆయన చాప మీద కాలు చాపుకుని ఫోన్ పట్టుకుని ఉన్నాడు. ఫోన్లోంచి ముగ్గురు ముసలివాళ్ళ గొంతులు వస్తున్నాయి. మిల్లులో ఆయనతో పాటు మగ్గాల దగ్గర పనిచేసినవాళ్ళు. మిల్లు పోయాక కోటిలింగం హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు. నూకాలమ్మ పాయకరావుపేటలో కొడుకు పంచన చేరింది. అప్పలస్వామి శ్రీకాకుళం దగ్గర సొంతూరు పోయాడు. గేటుకు తాళం వేసిన పెద్దమనుషులు ఆ గేటు దగ్గర ఎందరు కలిసి నవ్వుకునేవాళ్ళో లెక్క కట్టలేదు. ఆ నవ్వు కోసం ఈ ముగ్గురూ, వయసు మళ్ళాక, మనవల చేత ఫోన్లో ఆట పెట్టించుకున్నారు.

ఆట మొదలైంది. మాస్టారి ర్యాంకు సామాన్యమైంది కాదు కనుక ఎదుటివాళ్ళూ సామాన్యులు కారు. హిమజకు భయమేసింది. దిగీ దిగగానే కోటిలింగం జీపు కావాలన్నాడు. అతనికి తుపాకీ అక్కర్లేదు, ఎప్పుడూ జీపే. జీపు దగ్గరికి పోతుండగా ఒక జట్టు మీదపడింది. మాస్టారి బొటనవేళ్ళు కదిలాయి. ఏమీ దాచుకోలేదాయన. తన విద్య అంతా పెట్టి, సంతోషంగా, ఆ జట్టును తుడిచిపెట్టేశాడు.

“అదిగో, మొదలెట్టాడు మొనగాడు. సమ్మె రోజుల్లోనూ ఇంతే, మనం చెప్పులు వేసుకునేలోపు గేటు దాటేసేవాడు,” అంది నూకాలమ్మ.

వాడి గోల వాడిది, నువ్వెక్కవే బాబూ అని కోటిలింగం నూకాలమ్మ మీద విసుక్కున్నాడు. మాస్టారు కిసుక్కున నవ్వి వెనక సీట్లో ఎక్కాడు. ఎటు పోదాం అని ఆయనే అడిగాడు. నూకాలమ్మ సముద్రం వైపు పోదామంది. బతకాలంటే పోవలసింది సముద్రం వైపు కాదు, దానికి సరిగ్గా ఎదురు వైపు. అది హిమజకే తెలుస్తుంటే మాస్టారికి తెలియదా? ఆయన కిమ్మనలేదు. దారి పొడవునా పొదల వెనకనుంచి కాల్చేవాళ్ళను కనిపెట్టి కొడుతూ కూర్చున్నాడు. ముందు సీట్లో వాళ్ళిద్దరూ, ఏ సంవత్సరమో మిల్లు వంటగదిలో చేపల పులుసు మాడిపోయిన సంగతి పట్టుకుని వాదించుకుంటున్నారు. మాడ్చింది నువ్వేనని కోటిలింగం ఆవేశపడ్డాడు. ఆ ఆవేశంలో వంతెన మీద మలుపు మరిచిపోయాడు. జీపు వంతెన కమ్మీలు విరగ్గొట్టుకుని గాల్లోకి లేచింది.

వంతెనకూ నీళ్ళకూ మధ్య ఒక రెప్పపాటు ఉంటుంది. దూకడానికి ఆ రెప్పపాటు చాలని నేర్పింది మాస్టారే. మండుతున్న బండ్లలోంచి ఆ బొటనవేలు దూకడం హిమజ ఎన్నిసార్లు చూసిందో. ఇప్పుడూ ఆ వేలు పైకి లేచింది. లేచి, దూకే మీట నొక్కకుండా, వచ్చి పక్కన ఆనుకుంది. జీపు నలుగురితో నీళ్ళలో మునిగిపోయింది.

ఫోన్లో ఒకటే గోల. నిన్ను నమ్మి ఎక్కినందుకు నన్ను చెప్పుతో కొట్టాలి అని నూకాలమ్మ, మాట్లాడించి ముంచింది నువ్వేనని కోటిలింగం. అప్పటిదాకా నోరు విప్పని అప్పలస్వామి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక ఆయాసపడుతూ అడిగాడు.

“ఒరే ఎలీషా, నువ్వున్నావా?”

“ఉన్నానన్నా. నీ పక్కనే, నీళ్ళలో.”

తెర మీద బూడిద రంగు కమ్ముకుంది. ఆట అయిపోయింది. మళ్ళీ ఆడదామని ఎవరూ అనలేదు. ఆ బూడిద రంగులోనే అప్పలస్వామి చెప్పాడు, ఊపిరితిత్తుల్లో ఇంకా ఆ మిల్లు జనపనార దుమ్మే ఉందంటున్నారని, మంగళవారం విశాఖ తీసుకుపోతారని, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గానీ భయంగా ఉందని. కోటిలింగం వాదన ఆపేశాడు. నేనొస్తాను ఆసుపత్రికి, పాయకరావుపేట నుంచి ఎంత దూరమని, అంది నూకాలమ్మ. మాస్టారు వింటూ, ఊఁ కొడుతూ కూర్చున్నాడు. పడమటి కిటికీలోంచి ఎండ చాప దాటి గోడ ఎక్కేదాకా ఆ మాటలు సాగాయి.

హిమజ తన ఫోన్ తీసింది. పండు పేరు తీసేసి తన పేరుతోనే ఆట తెరిచింది. మూడు పచ్చ చుక్కలు వెలుగుతున్నాయి. లోపలికి రానిస్తారా అని అడిగే మీట నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. అది తిరుగుతూనే ఉంది. అటు చూడలేక ఆమె మాస్టారి వైపు తిరిగింది.

“వంతెన మీదే దూకేయొచ్చు కదా మాస్టారూ. మీకు టైముంది.”

మాస్టారు ఫోన్ చాప మీద బోర్లా పెట్టాడు.

“దూకితే బతికేవాణ్ణే,” అన్నాడు. “బతికి, ఎవరితో మాట్లాడను?”