గుండ్రం కాని పైపు

సులోచన గీసిన పైపు ఎంతకీ గుండ్రంగా రావడం లేదు.

పొడవు వచ్చింది. వెడల్పు వచ్చింది. రంగు దివ్యంగా వచ్చింది. గుండ్రమే రాలేదు. కంప్యూటరు తెర మీద అది ఇస్త్రీ చేసిన రిబ్బనులా చదునుగా పడుకుని ఉంది.

ఆ పైపు మీదే ఆ పిల్ల పేరు ఆధారపడి ఉంది. పేరంటే పరువు కాదు, నిజంగా పేరే. ఏలూరులో ఖాదర్ మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకునేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఆయన కుంచె పట్టి గోడల మీద రాసిన రోజుల నుంచీ ఉన్నదే. శిష్యులు ఎంత బాగా వేసినా బొమ్మ కింద మూలన "ఖాదర్ ఆర్ట్స్" అనే ఉంటుంది. "ఇక నీ పేరు రాసుకో" అని ఆయన నోటితో అన్ననాడే శిష్యుడు ఆర్టిస్టు అయినట్టు. కుంచెలు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆ కట్టుబాటు మారలేదు.

ఇవాళ సులోచనకు ఆ అదృష్టం తలుపు తట్టింది. కొత్తగా తెరుస్తున్న పైపుల కొట్టుకు పెద్ద ఫ్లెక్సీ కావాలి. పసుపు రంగు మీద నిలువెత్తు స్టీలు పైపు.

"నువ్వే వెయ్యమ్మా. పైపు లేచి నిలబడితే నీ పేరు పెట్టుకో. లేకపోతే నేను వేసుకుంటాను. మధ్యాహ్నం ప్రింటుకి వెళ్లిపోవాలి" అన్నారు మాస్టారు.

ఇక ఆగుతుందా! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పైపు మొదలెట్టక ముందే ఇంటికి ఫోన్ చేసి చెప్పేసింది. పేరు ఏ అక్షరాల్లో రాయాలో కూడా ఎంచిపెట్టుకుంది.

పని కూడా హుషారుగానే మొదలుపెట్టింది. ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి కరిగేలా చేసే గ్రేడియంటు ఆమెకు మంచినీళ్ల ప్రాయం. మధ్యలో తెలుపు, రెండు అంచులా నలుపు పెట్టింది. గుండ్రం రాలేదు. అంచులు ఇంకాస్త నల్లగా చేసింది. అప్పుడూ రాలేదు. ఇంకా నలుపు పోసింది. పైపు కాస్తా పొయ్యిలోంచి తీసిన కట్టెలా తయారైంది. పొద్దెక్కుతోంది. సులోచనకు ఏడుపొక్కటే తక్కువ.

"మాస్టారూ, ఎక్కడ ఎంత నలుపు పెట్టాలో ఆ లెక్క చెప్పండి చాలు. తక్కినది నేను చూసుకుంటాను."

మాస్టారు వంగి తెర చూశారు. "పసుపేదమ్మా?"

"అది చివర్లో పెడతానండి. పక్కన ఏదీ అడ్డం లేకుండా పైపునొక్కదాన్నే ఖాళీ పేజీలో వేస్తున్నాను."

"పేరేమో సులోచన. చూపు మాత్రం తెర దాటదు" అని నవ్వారాయన. తాగుతున్న టీ ఒక్క గుక్కలో ముగించి, స్టీలు గ్లాసు తుడిచి, కిటికీ దగ్గర బోర్లించారు.

"చూడు."

"గ్లాసు మాస్టారూ."

"గ్లాసని నాకూ తెలుసు. వెలుగు పడని వైపు చూడు."

"నల్లగా ఉందండి."

మాస్టారు మూలనున్న పాత ఫ్లెక్సీ ముక్కల్లోంచి ఒక పసుపు ముక్క లాగి, ఆ నల్లటి వైపు ఆనించి నిలబెట్టారు.

సులోచన గ్లాసు దగ్గరికి ముఖం తెచ్చింది. గ్లాసు అంచున సన్నటి పసుపు గీత మెరిసింది. నలుపు అంచు వదిలి కాస్త లోపలికి జరిగింది. ముక్క తీసేసింది, గీత పోయింది. పెట్టింది, వచ్చింది! ఇక ఆ పిల్లను పట్టడం ఎవరి తరం? ఎర్ర ముక్క పెట్టింది, ఎరుపొచ్చింది. కిటికీ ఊచకు పెట్టింది, దానికీ వచ్చింది. చివరికి తన వేలు పక్కన కూడా పెట్టి చూసుకుని పకపకా నవ్వింది.

పరుగున వచ్చి కూర్చుంది. వెనక పసుపు పరిచింది. నలుపును లోపలికి జరిపి, అంచున వెంట్రుకంత పసుపు పెట్టింది.

పైపు లేచి నిలబడింది!

"వచ్చేసింది మాస్టారూ! వచ్చేసింది!" ఆ కేకకు పక్క జిరాక్సు కొట్టాయన కూడా తొంగిచూశాడు. మాస్టారు తలూపారు. అంతే. ఆమె ఎదురుచూస్తున్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

ఇంతలో పైపుల కొట్టు యజమాని ఫోన్ చేశాడు. వాళ్ల సిద్ధాంతిగారికి పసుపు నచ్చలేదట, ఆకుపచ్చ కావాలట.

"అదెంతసేపండీ!" అని సులోచన ఒక్క నొక్కు నొక్కింది. వెనకంతా ఆకుపచ్చ అయిపోయింది. పైపు మళ్లీ చదునుగా పడుకుంది.

ఆమె గోడ గడియారం చూసింది. మాస్టారు లేచి వచ్చి, ఆమె కుర్చీ మీద చెయ్యి వేశారు.

"జరుగమ్మా. వేళ మించిపోతోంది."

"ఉండండి మాస్టారూ!"

గురువుగారితో అలా గట్టిగా మాట్లాడడం ఆమెకు అదే మొదటిసారి. ఆ సంగతి ఆమెకు తెలియనే లేదు. కళ్లు పైపు అంచునే ఉన్నాయి. పసుపు గీతను చెరిపేసింది. దాని చోట వెనకున్న ఆకుపచ్చనే కాస్త వెలిగించి అద్దింది. తెరకు దూరంగా జరిగి చూసింది, ఇంకొంచెం తగ్గించింది.

పైపు మళ్లీ లేచింది. ఈసారి కేక పెట్టలేదు. కాసేపు దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ సంతోషంలోనే ప్రింటుకు పంపడానికి మౌసు మీద వేలు పెట్టింది.

మాస్టారు ఆ వేలిని మెల్లగా ఆపారు.

"కింద నీ పేరుండాల్సిన మూల ఖాళీగా వదిలేశావేంటమ్మా?"