ఏడువేల ఏళ్ళ అవతల చిలక

అనగనగా, మీ తాతల తాతలు కూడా పుట్టకముందు, సౌగంధిపురంలో ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కరాళుడనే మాంత్రికుడి మీద కత్తి దూసి రాయైపోయాడు. అన్న కోసం వెళ్ళి నడిపివాడూ రాయైపోయాడు. రాణి ఆ రెండు రాళ్ళ మధ్య కూచుంది. లేవదు.

చిన్నవాడు సుధన్వుడు వచ్చాడు. "అమ్మా, అన్నల కోసం నేను వెళ్తాను."

రాణి లేచి, పెరుగన్నం కలిపి, మూడు ముద్దలు ఆకులో కట్టి చేతిలో పెట్టింది.

కోట పక్కనే సముద్రం ఒడ్డున ముసలి తాబేలు ఆకలితో పడి ఉంది. సుధన్వుడు దానికో ముద్ద పెట్టాడు.

"కరాళుడి ప్రాణం చిలకలో ఉంది నాయనా. వాడు చస్తే మీ అన్నలు లేస్తారు," అంది తాబేలు.

"ఆ చిలక ఏడు సముద్రాల అవతలేనా?"

"అంత దగ్గరైతే ఇంకేం! ఏడువేల ఏళ్ళ అవతల దాచాడు. నా వీపెక్కు. ఒక్కో సముద్రం దాటితే వెయ్యేళ్ళు గడుస్తాయి. వెనక్కి ఈదితే వెనక్కొస్తాయి."

ఒకటి దాటారు. మూడు దాటారు. ఏడూ దాటేసరికి భూమంతా చుట్టి బయల్దేరిన ఒడ్డుకే వచ్చారు. కోట లేదు. ఊరు లేదు. మబ్బుల్లో అద్దాల మేడలు తేలుతున్నాయి. అమ్మ కూచున్న చోటు ఎక్కడా అని సుధన్వుడు వెతికాడు. తెలియలేదు.

నేలమీద ఒకే ఒక మేడ. అందులో పంజరం, పంజరంలో చిలక, ముందు కాపలా పిల్ల. పేరు మిన్నులేఖ.

"చిలక మెడ నులుముతానంటే తాళం తియ్యను. మా ముత్తాతల నాటి కట్టడి," అందామె.

"తియ్యొద్దులే. అన్నం తిన్నావా?"

"అన్నమంటే?"

ఆ కాలంలో అందరూ పొద్దున్నే ఒక గుళిక మింగి ఊరుకుంటారు. సుధన్వుడు రెండో ముద్ద ఆమె చేతిలో పెట్టాడు. తిన్నది. కళ్ళు తుడుచుకుంది.

"ఇంకా ఉందా?"

"ఒక్కటే. అది చిలక్కి." అతని కడుపు కాలిపోతోంది.

"చిలక్కి ముద్ద పెట్టొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదే!" అంటూ తాళం తీసింది.

"నన్ను చంపడానికేగా వచ్చావు?" అంది చిలక.

"అవును. ముందు తిను."

చిలక మెతుకు మెతుకూ తిన్నది. "తరతరాలుగా కాపలా కాశారు గాని, ఆకలేస్తోందా అని ఒక్కరూ అడగలేదు. ఆ కరాళుడూ అడగలేదు. నీ చేతి ముద్ద తిన్నాక, నీ ఇంటి శత్రువుని నా గొంతులో దాచలేను."

నల్లటి గింజ ఒకటి కక్కింది. సుధన్వుడు మడమ కింద వేసి నలిపేశాడు. ఏడువేల ఏళ్ళ వెనక కరాళుడు కూలిపోయాడు.

"నేనూ వస్తాను. ఆ ముద్ద కలపడం నేర్చుకోవాలి," అంది మిన్నులేఖ. చిలక ఆమె భుజమెక్కింది.

"ఒక్కడివే అనుకున్నా, ముగ్గురా!" అని విసుక్కుంటూనే తాబేలు ఈదింది.

వాళ్ళు చేరేసరికి పెద్దవాడు కత్తి పట్టుకుని, "ఏడీ వాడు?" అని అరుస్తున్నాడు. "అన్నా, ఉండు!" అంటూ నడిపివాడు వెంటపడ్డాడు. వాళ్ళకది రెప్పపాటే. రాణి ఇద్దరి చేతులూ తడిమింది. వెచ్చగా ఉన్నాయి. చిన్నవాడి చేతులూ తడిమింది.

సుధన్వుడికీ మిన్నులేఖకీ పెళ్ళయింది. ఒకరోజు రాణి అడిగింది. "అన్నేళ్ళు చూసొచ్చావు కదా, మన ఊరు ఉందా అక్కడ?"

"లేదమ్మా."

"మనం?"

సుధన్వుడు తల వంచుకున్నాడు.

"ఇవాళ ముగ్గురూ ఉన్నారు. చాల్లే," అంది రాణి.

అన్నదమ్ములు ముగ్గురూ కలిసి నూరేళ్ళు చల్లగా రాజ్యమేలారు. ఆ తర్వాత సంగతి మనకెందుకు?