గోడ మీద మూడు తప్పులు

గుండ్లకోన రాజు ఎర్రభూపాలుడు వేటకని వెళ్ళి నడుందాకా బురదతో తిరిగొచ్చాడు. గుర్రాన్ని బయటికి లాగడానికి ఎనిమిదిమంది కావలసొచ్చారట. ఆ దారి ఎవరు చెప్పారయ్యా అంటే, పాఠాల మండపం గోడ చెప్పింది. "చింతరేవులో రాతినేల, గుర్రం దించవచ్చు" అని దాని మీద రాసుంది మరి.

కోట ముందు పన్నెండు సున్నపు గోడలతో ఉండేది ఆ మండపం. ఏ ఊళ్ళో ఏ మట్టి, ఏ కొండలో ఏ రాయి, ఏ వాగు ఎటు పారుతుంది, ఏ ఊట తీపి, ఏ ఊట ఉప్పు, అంతా ఆ గోడల మీదే. రాజ్యంలోని పంతుళ్ళు వచ్చి తాటాకుల మీద ఎక్కించుకుపోయి పిల్లలకు చెప్పేవాళ్ళు. తమ ఊళ్ళో ఏదైనా మారితే వాళ్ళే వచ్చి గోడ మీద దిద్దించాలని పాత రాజుగారి కట్టడి. అందుకు పంతుళ్ళకు ఏటేటా ధాన్యం కొలిచేవారు.

ఆ గోడలకు పెద్ద నరహరి భట్టు. 'ధరాసర్వజ్ఞ' అని తనకు తానే బిరుదిచ్చుకుని, ప్రతి గోడ కిందా పేరు చెక్కించుకున్న ఘనుడు. దిద్దుబాటు తెచ్చిన పంతులు దాన్ని శ్లోకంగా కట్టాలి, ఏడు ప్రతులు రాయాలి, భట్టుగారికి ముహూర్తం కుదిరేదాకా సత్రంలో పడిగాపులు కాయాలి. ఇక వచ్చేదెవరండీ? పదేళ్ళుగా గోడల మీద ఒక్క అక్షరం కదల్లేదు.

రాజు పిలిపిస్తే భట్టు తొణకలేదు, బెణకలేదు. గోడల మీది ప్రతి అక్షరమూ తనదేననీ, తన అక్షరానికి తిరుగులేదనీ, తప్పింది వాగు దారేననీ అన్నాడు. పైగా పంతుళ్ళు సోమరిపోతులు, ఒక్కడూ ఇటు తొంగిచూడడు, వాళ్ళకు పెట్టే ధాన్యం దండగన్నాడు. కాళ్ళకు బురద ఇంకా ఆరని రాజుకు ఆ మాట బాగానే ఎక్కింది. పంతుళ్ళ ధాన్యం ఆపేస్తానన్నాడు.

పక్కనే తాంబూలప్పళ్ళెం పట్టుకు నిలబడ్డ తిప్పన ఆ మాట విన్నాడు. అతని మేనమామ పేరయ్య కంకరపాడు పంతులు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ధాన్యంతోనే.

మామ సంగతి తిప్పనకు బాగా తెలుసు. ఒప్పు రాయమంటే ఆయనకు చెయ్యి లేవదు. తప్పు కనబడిందా, అన్నం సయించదు. తిప్పన పెళ్ళిలో పురోహితుడి మంత్రం దిద్దడానికి తలంబ్రాలు ఆపించిన మనిషి. పంతుళ్ళందరిదీ కాస్త అటూ ఇటుగా అదే జాతకం.

పదిహేను రోజులు గడువిస్తే పంతుళ్ళను రప్పిస్తాననీ, రాకపోతే ధాన్యంతోపాటు తన కొలువూ తీసేయమనీ తిప్పన రాజుకు విన్నవించుకున్నాడు. చుట్టచుట్టి లక్కముద్ర వేసిన తాటాకొకటి చేతికిచ్చి, అడిగేదాకా విప్పొద్దన్నాడు. రాజు దాన్ని నడుముకు దోపుకున్నాడు. అదే రోజు భట్టు పొరుగు రాజ్యంలో శాలువా కప్పించుకోవడానికి పల్లకీ ఎక్కాడు.

తిప్పన మండపంలోకి పోయి మూడు చోట్ల మూడు ముక్కలు రాశాడు. నీలివాగు కొండెక్కి పారుతుందని ఒకటి. సున్నపురాయి నీళ్ళలో తేలుతుందని ఒకటి. గులకరాళ్ళు వానకు మొలుస్తాయని ఇంకొకటి. ప్రతి గోడ దగ్గరా తాడుకు బొగ్గుముక్క వేలాడదీసి, "తప్పుంటే దిద్ది, మీ పేరూ ఊరూ రాయండి" అని పెట్టాడు.

సంతరోజున ఒక పంతులు చూశాడు. నోరు నొక్కుకున్నాడు, బొగ్గందుకున్నాడు. ధరాసర్వజ్ఞుడి గోడ మీద రాళ్ళు మొలుస్తున్నాయన్న కబురు నాలుగు దిక్కులా పాకింది. ఇక చూడండి! బళ్ళు కట్టుకు వచ్చేవాళ్ళు, నడిచొచ్చేవాళ్ళు, కర్ర పట్టుకు వచ్చేవాళ్ళు. ఆ మూడు తప్పులూ గంటలో చెరిగిపోయాయి. కానీ బొగ్గు పట్టిన చెయ్యి ఊరుకుంటుందా? మా ఊట ఉప్పుబారి ఆరేళ్ళయిందని ఒకరు, మా కొండ విరిగిపడిందని ఒకరు, గోడలన్నీ దిద్దుకుంటూ పోయారు. ఒక వాగు గురించి ఇద్దరు వాదులాడుకుని, ఎవరు ఎప్పుడు కళ్ళారా చూశారో కూడా రాసి మరీ వెళ్ళారు.

పదిహేనో రోజున భట్టు కొత్త శాలువాతో దిగాడు. బొగ్గుతో నల్లబడ్డ గోడలు చూసి, అది తిప్పన పనని విని, కట్టుకున్న పంచె జారుతున్నా చూసుకోకుండా సభలోకి వచ్చిపడ్డాడు. పంతుళ్ళంతా అక్కడే ఉన్నారు. ఈ తిప్పన తన గోడల మీద తప్పులు రాశాడనీ, రాసినవాడికి తప్పుకొక కొరడాదెబ్బ వేయించాలనీ పట్టుబట్టాడు.

"ఎవరు రాసినా సరేనా?" అన్నాడు రాజు.

"ఎవరైనా సరే ప్రభూ. అక్షరద్రోహికి అదే శిక్ష."

రాజు లెక్క పెట్టించాడు. పంతుళ్ళు దిద్దిన తప్పులు నూట నలభై తేలాయి. భట్టు మొహం వెలిగిపోయింది. నూట నలభై దెబ్బలకు ఈ తాంబూలపువాడు బతికి బట్టకట్టడని ఆయన ధీమా.

అప్పుడు తిప్పన ముద్ర విప్పమన్నాడు. రాజు తాటాకు విప్పి చదివాడు. వాగు, సున్నపురాయి, గులకరాళ్ళు. అంతే.

"నావి మూడే ప్రభూ, ఆ మూడు దెబ్బలూ నాకు వేయించండి. మిగతా నూట ముప్పై ఏడు అక్షరాలా భట్టుగారివి."

రాజే ముందు నవ్వాడు. చింతరేవు పంతులు రాసింది పైకి చదివించాడు: "రెండేళ్ళ కిందటి వరదకు రేవు కొట్టుకుపోయింది. ఇప్పుడంతా ఊబి. గుర్రం దించకండి." ఇక నవ్వులు ఆగలేదు. కొరడా సంగతి తానేదో మాటవరసకన్నానని భట్టు గొణిగాడు.

దెబ్బలొద్దని తిప్పనే అడ్డుపడ్డాడు. ఆ నూట ముప్పై ఏడు చోట్లకూ భట్టు కాలినడకన పోయి, పంతులు చూపించింది చూసి రావాలని రాజు తీర్పిచ్చాడు. బొగ్గు ఎప్పటికీ అక్కడే వేలాడాలన్నాడు, పంతుళ్ళ ధాన్యం రెట్టింపన్నాడు.

"ఇక తిప్పనకు కంకరపాడు కొండకింద నల్లరేగడి చేను ఇనాం" అన్నాడు రాజు.

వెనకవరసలోంచి పేరయ్య పంతులు లేచాడు. తిప్పన చేత్తో సైగలు చేస్తూనే ఉన్నాడు, ఆగితేనా.

"అక్కడిది ఎర్రనేల ప్రభూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, తన మాట కూడా దిద్దమని ఆయన చేతికి బొగ్గు ఇప్పించాడు.