గరిటె మీద నింద

తిరుపాలుకు వచ్చిపడిన చిక్కు చిన్నది కాదు. కొండ కింది పల్లె ఆసుపత్రిలో తీసిన స్కాన్ బొమ్మలు ఇంటర్నెట్ లైను మీద పట్నంలోని పెద్దాసుపత్రికి పోవాలి. అక్కడి డాక్టరు చూసి ఏం చెయ్యాలో చెప్పాలి. వారం నుంచి ఆ బొమ్మలు సగం దాకా పోయి ఆగిపోతున్నాయి. దాంతో నిండు గర్భిణులు కూడా గతుకుల రోడ్డు మీద బస్సులో పట్నం పోవాల్సి వస్తోంది.

కారణం కనిపెట్టే పని తిరుపాలుకు అప్పగించారు. అతని చేతికి వచ్చిన మొదటి సొంత పని అదే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. అతనూ తిండీ నిద్రా మానేసి లైను మీద పోయే పాకెట్లను పట్టాడు. కంప్యూటరు ఏ బొమ్మనూ ఒక్కసారిగా పంపదు, చిన్న చిన్న ముక్కలు చేసి పంపుతుంది. ఆ ముక్కలే పాకెట్లు. దారిలో కాపుకాసి ప్రతి ముక్కకూ నకలు తీసి పెట్టుకుంటే, ఎక్కడ ఏం జరిగిందో తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఈ విద్య అతనికి నేర్పింది దస్తగిరి సారు.

చదివాడు, తేల్చేశాడు కూడా. లైను చెడిపోయింది. ఆ లైను చూసుకునేది ఓబులేసు. అతన్ని పనిలోంచి తీసెయ్యమని రిపోర్టు రాశాడు. సాయంత్రంలోగా పైవాళ్ళకు పంపాలి. ఈలోగా సారుకు ఒకసారి చూపిద్దామని ఆయన ఇంటికి పట్టుకొచ్చాడు. నిజం చెప్పాలంటే మెప్పు కోసం వచ్చాడు, సలహా కోసం కాదు.

సారు కళ్ళద్దాలు సవరించుకొని ల్యాప్‌టాప్ తెర చూశారు.

"ఇవన్నీ పల్లె నుంచి పోయిన పాకెట్లే గదరా. అవతలి నుంచి వచ్చినవి యాడ?"

"అవి ఉత్త జవాబులు సార్. 'అందింది, అందింది' అనేదే. వేలకు వేలు. కండ్లకు అడ్డమని వడపోసి దాచేసినా. ఇదో, బాగా పోతా పోతా ఇక్కడ ఆగిపోయింది చూడండి. లైను కాకపోతే ఇంకేంది?"

"ఓబులేసు ఏమంటాడు?"

"లైను బాగుందనే అంటాడు. వాడు అట్ల గాక ఇంకెట్లంటాడు సార్? వాణ్ణి మార్చాల్సిందే."

సారు తలూపారు. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు.

"అన్నం తిన్నావా?"

"లేదు సార్, ఈ రిపోర్టు పంపినాక..."

"కూర్చో."

దస్తగిరి సారు ఇంటికి ఏ శిష్యుడొచ్చినా వడ్డన ఆయన చేతిమీదే. పళ్ళెం పెట్టి, అన్నం పెట్టి, చింతచిగురు పప్పు పోశారు. తిరుపాలు ఆకలి మీద ఉన్నాడు. తలెత్తకుండా తిన్నాడు. సారు మళ్ళీ పెట్టారు. తిన్నాడు. ఇంకా పెట్టారు. ఈసారి ముద్ద నెమ్మదిగా దిగింది. సారు మళ్ళీ గరిటె నింపేసరికి తిరుపాలు పళ్ళెం మీద ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు సార్."

ఆయన వినిపించుకున్నట్టు లేదు. గరిటె పట్టుకొని అలాగే వంగి నిలబడ్డారు. ఇతను చెయ్యి తియ్యడు, ఆయన గరిటె దించరు. కాసేపయ్యాక సారు గరిటెను అటూ ఇటూ తిప్పి, ముఖం ముడుచుకొని చూశారు.

"ఈ గరిటె చెడిపోయిందిరా. ఇంతసేపూ బాగానే పడింది. ఇప్పుడు ఒక్క మెతుకు పడడంలే. దీన్ని మార్చాల్సిందే."

తిరుపాలుకు నవ్వాగలేదు. "గరిటేం చేసింది సార్ పాపం! నేను గదా చెయ్యి అడ్డం..."

నవ్వు సగంలోనే పోయింది. చెయ్యి మాత్రం పళ్ళెం మీదే ఉంది.

అదే చేత్తో ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కొని వడపోత తీసేశాడు. దాచిన జవాబులన్నీ తెర మీదికి వచ్చాయి. తనలో ఇంకా ఎంత పడుతుందో పెద్దాసుపత్రి కంప్యూటరు ప్రతి జవాబులోనూ చెబుతూనే ఉంది. మొదట్లో చాలా పడుతుందంది. తర్వాత కొంచెమే అంది. ఆ తర్వాత సున్నా. పల్లె కంప్యూటరు ఆగి ఆగి, ఓ చిన్న ముక్క పంపి అడిగి చూసిన ప్రతిసారీ మళ్ళీ సున్నా. దారిలో మాత్రం ఒక్క ముక్కా తప్పిపోలేదు.

పట్నానికి ఫోన్ చేశాడు. బొమ్మలు దాచే డిస్కు నిండిపోయి ఉందని అక్కడివాళ్ళు చూసి చెప్పారు. పాతవాటిని వేరేచోటికి మార్చగానే ఆగిన బొమ్మలు కదిలాయి.

తిరుపాలు రిపోర్టు తెరిచాడు. ఓబులేసు పేరు ఎన్ని చోట్ల రాశాడో చూసుకుంటే అతనికే సిగ్గేసింది. ఒక్కొక్కటే చెరిపాడు. సారు ఇంటికి రాకుండా దీన్ని నేరుగా పంపేసి ఉంటే ఒక మనిషి పని ఊడిపోయేది.

చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. సారు చెంబుతో నీళ్ళు పోస్తున్నారు.

"మీకు చూడంగానే తెలిసింది గదా సార్," అన్నాడు నిష్ఠూరంగా. "ఒక్క మాట చెప్పుంటే అయిపోయేది గదా!"

సారు నవ్వారు.

"చెప్పుంటే ఊఁ కొట్టేవాడివి."