ఛైర్మన్ తాగిన గ్లాసు

మున్సిపల్ ఛైర్మన్ టీవీ కెమెరాల ముందు తాగినవి కుళాయి నీళ్లు కావు. దస్తగిరమ్మ తన ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లు. కొంగుచాటున గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చింది కూడా ఆ వార్డు కౌన్సిలరైన దస్తగిరమ్మే. ఈ మాట ఆమె ఇంతవరకు పైకి అనలేదు, కట్టుకున్నవాడి దగ్గర కూడా.

"మా ఊరి నీళ్లకేం, అమృతం!" అని ఛైర్మన్ మూతి తుడుచుకున్నాడు. ఆ పైపులు వేయించింది ఆయన బామ్మర్ది. వీధివాళ్లు నమ్మి తాగారు. వారం తిరక్కుండానే ఆ వీధిలో ఉండే మాబున్ని చిన్న కొడుకు వాంతులు పట్టుకుని పోయాడు. పెళ్లిభోజనం వికటించి చచ్చాడని రేపు కౌన్సిల్లో తీర్మానం. అందరూ చెయ్యెత్తాలి.

ఆ పొద్దున ఆమె అచల తత్వం బోధించే గురువు ఓబుళయ్య ఇంటికి వెళ్లింది. అడిగినదానికి జవాబిచ్చే అలవాటు ఆయనకు లేదు. ఏదో ఒక పని చెబుతాడు.

"మా నాయకుల్లో ఒక్కనికన్నా ధైర్యం, నిజాయితీ ఎందుకు లేవు స్వామీ?"

"గొంతెండుకపోతాంది. మీ ఛైర్మన్ తాగినాడే, ఆ కుళాయి నీళ్లు పట్టుకరాపో."

"కౌన్సిలరమ్మ చేతి నీళ్లు తాగితే స్వామికీ టికెట్టొస్తాది!" అన్నాడు శిష్యుడు ఈరన్న. అరుగు మీదివాళ్లంతా నవ్వారు.

కుళాయి గుమ్మానికి ఎదురుగానే ఉంది. ఇంటికి పోయి వేరే నీళ్లు తెచ్చే సందు లేదు. గ్లాసు నిండేసరికి ఆమె ముక్కుకు తెలిసిన వాసనే తగిలింది. అయినా తెచ్చి ఇచ్చింది. ఓబుళయ్య మెల్లగా ఎత్తాడు. అంచు పెదవికి ఆనబోయేసరికి ఆమె చెయ్యి దానంతటదే లేచింది. గ్లాసు ఎగిరి అరుగు కింద పడింది.

"వద్దు స్వామీ! మురుగు కలుస్తాంది దాంట్లో!"

ఎవరూ నవ్వలేదు.

"ధైర్యం లేదంటివే," అన్నాడు ఓబుళయ్య, తడిసిన పంచె పిండుకుంటూ. "నా నోటికాడికొస్తే చెయ్యి బాగానే లేచెనే. ఆ పిల్లోడు తాగేటప్పుడు..."

అక్కడితో ఆపి, గ్లాసు తీసి బోర్లించాడు.

దస్తగిరమ్మ ఫోను తీసి పేరు వెతికింది. ఎన్నికలప్పుడు రాసుకున్నట్టే ఉంది: 'మాబున్ని, మన ఓటు.' వేలు ఆ పేరు మీద ఆగింది. చేయక తప్పదనుకుంది.

"ఏమని మొదలుపెట్టల్ల స్వామీ?"

"నా చేతిలోంచి కొట్టేసిన గ్లాసు సంగతి చెప్పు. తక్కింది ఆయమ్మే అడుగుతాది."