మంచు పడని శీతాకాలం

స్పితి లోయలోని ఆ చిన్న మఠంలో మంచు కోసం చేసే పూజ పల్దన్ చేతికి వచ్చి మూడేళ్ళయింది. గురువు లామా తర్చిన్‌కు మోకాళ్ళు పట్టేశాక ఆ పని శిష్యుడికి అప్పగించాడు.

మొదటి రెండేళ్ళూ నడుములోతు మంచు పడింది. దారిలో కనబడితే జనం ఇదివరకటికన్నా కిందికి వంగి దండం పెట్టేవారు. పల్దన్ వద్దనలేదు.

మూడో ఏడు ఒక్క మంచు రేకు కూడా రాలలేదు. చలి మాత్రం ఎముకలు కొరికింది. ఆ లోయ దాకా వానలు రావు. చలికాలంలో కొండ మీద మంచు పేరుకుంటేనే ఎండలకు కరిగి వాగు పారుతుంది, బార్లీ పండుతుంది.

ఒకరోజు జంగ్మో వచ్చి మఠం గుమ్మం దగ్గర నిలబడింది. మొగుడు పోయాక ఒక్కతే సేద్యం చేసుకుంటున్న మనిషి. వాగు నీళ్ళు అందరి తరవాత ఆమె పొలానికి అందుతాయి.

"లామా గారూ, ఏ మంత్రమైనా మరిచిపోయారేమో, కొంచెం గుర్తు తెచ్చుకోండి" అంది పల్దన్‌తో. కోపంగా కాదు, బతిమాలినట్టు.

తిట్టినా బాగుండేది అనుకున్నాడు పల్దన్. ఆ రోజు నుంచి తిండి మానేశాడు.

నాలుగోనాడు పొద్దున్నే గురువు వేడి జావ గిన్నెతో అతని గదిలోకి వచ్చాడు.

"నా తప్పేమిటి గురువుగారూ?"

"ముందు ఇది తాగు."

గిన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు. ఆ తరవాత శిష్యుడి భుజం పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ మిద్దె మీదికి తీసుకెళ్ళాడు. ఇద్దరూ పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నారు.

పడమటి నుంచి మబ్బులు వస్తున్నాయి. చాలా ఎత్తులో, పల్చగా, దువ్వినట్టు. శిఖరం దాకా రాకుండానే ఉత్తరానికి మళ్ళిపోతున్నాయి. మధ్యాహ్నం దాకా చూశారు. ఒక్కటీ ఇటు రాలేదు.

"ఎక్కడో పడమటి సముద్రాల మీద పుడతాయి ఇవి" అన్నాడు గురువు. "పైన పెద్ద గాలి ఒకటి ఏరులా పారుతుంటుంది. అదే ఇంత దూరం మోసుకొస్తుంది. ఒక్కో ఏడు ఇటు వంగుతుంది, ఒక్కో ఏడు అటు. నా చిన్నతనంలో వరసగా మూడు చలికాలాలు అటే పోయింది."

"దాన్ని ఎవరు మళ్ళిస్తారు?"

"వాతావరణ శాఖ వాళ్ళు మన లోయకు వచ్చినప్పుడు నేనూ అడిగాను. ఏ సముద్రం ఎంత వేడెక్కిందో, ఏ దేశాల మీద ఎంత చలి పేరుకుందో, అన్నీ కలిసి మళ్ళిస్తాయట. ముందుగా చెప్పడం వాళ్ళకూ కష్టమేనట."



"అయితే... ఆ రెండేళ్ళూ పడిన మంచు కూడా..."

 గురువు, జారిన శాలువాను శిష్యుడి భుజాల మీదికి లాగి కప్పాడు. పల్దన్‌కు ఏడుపొచ్చింది. సిగ్గుతోనో, బరువు దిగినందుకో అతనికే తెలియలేదు.

"జంగ్మోకి ఏం చెప్పను?"

"చెప్పేదేముంది? పార తీసుకురా."

వాగులో ఇంకా సన్నటి ధార పారుతోంది. దాన్ని ఎండ తగలని కొండవాలుకు మళ్ళించి, అడ్డంగా రాళ్ళు పేర్చడం మొదలుపెట్టాడు పల్దన్. గురువు ఒక బండ మీద కూర్చుని ఏ రాయి ఎక్కడ పెట్టాలో చెప్పాడు. నీళ్ళు పరుచుకున్న చోటే గడ్డకట్టసాగాయి; ఎండలు వచ్చాక అదే కరిగి పొలాలకు పారుతుంది.

జంగ్మో వచ్చి కాసేపు చూసింది.

"ఈ మంచుగడ్డ కరిగితే నా పొలం తడుస్తుందా?"

"సగం తడవచ్చమ్మా" అన్నాడు పల్దన్.

ఆమె అంగీ చేతులు పైకి మడుచుకుని ఒక రాయి ఎత్తింది.

సాయంత్రం ప్రార్థన వేళకు పల్దన్ మఠానికి వచ్చేసరికి, గురువు తన ఆసనం ఉత్తరం వైపు వేసుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ అటు కూర్చోలేదు.

"అటెందుకు గురువుగారూ?"

"మన మంచు కూడా ఆ ఉత్తరాన ఉన్నవాళ్ళ మీదే పడుతోంది కదా నాయనా. ఆ బరువుకు వాళ్ళ ఇళ్ళ కప్పులు కూలకుండా ఆగాలి."

 పల్దన్ తన ఆసనం కూడా అటు తిప్పుకున్నాడు.